స్కీమా అంటే ఒక్కో డేటాబేస్‌లో ఒక్కో అర్థమా? నాలుగు స్కీమాలు అడిగితే పోస్ట్‌గ్రెస్‌లో ఏం క్రియేట్ చేయాలి?

శ్రావణి_బ్యాకెండ్
మా టీమ్‌లో కొన్నాళ్ళుగా ఇదే గొడవ. ఒరాకిల్‌లో నడుస్తున్న పాత అప్లికేషన్‌ని పోస్ట్‌గ్రెస్‌కి మార్చాలి (ఈ రెండూ, కింద వచ్చే మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా డేటాబేస్ సాఫ్ట్‌వేర్లే). క్లయింట్ పంపిన డాక్యుమెంట్‌లో "ఒక డేటాబేస్, అందులో నాలుగు స్కీమాలు" అని ఉంది. మా లీడ్ మొదటి నుంచీ మైఎస్‌క్యూఎల్ మనిషి. స్కీమా అన్నా డేటాబేస్ అన్నా ఒకటే, నాలుగు డేటాబేస్‌లు చేసేద్దాం అంటున్నారు. క్లయింట్ వైపు డీబీఏనేమో (డేటాబేస్ చూసుకునే అడ్మిన్) "నాలుగు యూజర్లు చాలు, స్కీమాలు వాటంతటవే వస్తాయి" అంటారు. ఎస్‌క్యూఎల్ సర్వర్ నుంచి వచ్చిన ఇంకొకాయన యూజర్‌కీ స్కీమాకీ సంబంధమే లేదంటారు. ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్ళే, ముగ్గురూ గట్టిగా చెప్తున్నారు. నాలుగు పేర్లు ఇవి: హెచ్ఆర్, పేరోల్, స్టోర్స్, ఆడిట్. పేరోల్ క్వెరీలు హెచ్ఆర్ టేబుల్స్‌తో జాయిన్ అవుతాయి, అంటే రెండు చోట్ల వరుసల్ని కలిపి చదువుతాయి. ఏం క్రియేట్ చేయాలి?

పోస్ట్‌గ్రెస్_పక్షి
నాలుగు డేటాబేస్‌లు మాత్రం వద్దు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక డేటాబేస్‌కి కనెక్ట్ అయ్యాక ఇంకో డేటాబేస్‌లో ఉన్న టేబుల్‌ని నేరుగా జాయిన్ చేయలేరు. "క్రాస్ డేటాబేస్ రెఫరెన్సెస్ ఆర్ నాట్ ఇంప్లిమెంటెడ్" అని ఎర్రర్ కొడుతుంది. ఫారిన్ డేటా రాపర్ (బయటి డేటాబేస్ టేబుల్‌ని ఇక్కడిదిలా చూపించే ఏర్పాటు) పెట్టుకుని తిప్పలు పడాలి, అప్పుడు కూడా రెండు డేటాబేస్‌ల మధ్య ఫారిన్ కీ (ఈ టేబుల్‌లో విలువ ఆ టేబుల్‌లో ఉండి తీరాలనే కట్టుబాటు) పెట్టలేరు. ఒక డేటాబేస్, నాలుగు స్కీమాలు. అంతే.

పాత_డీబీఏ
పక్షి చెప్పింది కరెక్ట్. కానీ ముగ్గురూ ఎందుకు అంత గట్టిగా చెప్తున్నారో తెలుసుకుంటే గొడవ తీరుతుంది. ఎవరి ప్రొడక్ట్‌లో వాళ్ళు చెప్పేది నిజమే.

మైఎస్‌క్యూఎల్‌లో క్రియేట్ స్కీమా, క్రియేట్ డేటాబేస్ రెండూ ఒకే కమాండ్‌కి రెండు పేర్లు. ఒకే సర్వర్ మీద ఉన్న రెండు డేటాబేస్‌ల టేబుల్స్‌ని చుక్క పెట్టి హాయిగా జాయిన్ చేసుకోవచ్చు. అందుకే మీ లీడ్‌కి నాలుగు డేటాబేస్‌లు అంటే ఏ ఇబ్బందీ కనపడదు.

ఒరాకిల్‌లో స్కీమా అంటే ఒక యూజర్ సొంతమైన ఆబ్జెక్ట్‌లన్నీ కలిపి. యూజర్ పేరే స్కీమా పేరు. ఊళ్ళో ఇంటి నంబరు అడక్కుండా యజమాని పేరుతోనే ఇల్లు చెప్పుకున్నట్టు. యూజర్‌ని క్రియేట్ చేస్తే స్కీమా వచ్చినట్టే. ఇంకో తమాషా ఏమిటంటే, ఒరాకిల్‌లో క్రియేట్ స్కీమా అనే కమాండ్ కూడా ఉంది, కానీ అది స్కీమాని క్రియేట్ చేయదు! మీ సొంత స్కీమాలోనే కొన్ని టేబుల్స్, వ్యూలు, గ్రాంట్‌లు (హక్కులివ్వడం) ఒకే స్టేట్‌మెంట్‌లో, ఒకే ట్రాన్సాక్షన్‌గా (అయితే అన్నీ అవుతాయి, లేకపోతే ఏదీ అవదు) చేయడానికి పెట్టారు. మాన్యువల్‌లోనే "ఇది నిజానికి స్కీమాని క్రియేట్ చేయదు" అని రాసి ఉంటుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కూడా మొదట్లో యూజరే స్కీమా. 2005 వెర్షన్‌లో రెండింటినీ విడదీశారు. అక్కడ నుంచి వచ్చినాయన సంబంధం లేదు అనడం అందుకే.

పోస్ట్‌గ్రెస్‌లో స్కీమా అంటే ఒక డేటాబేస్ లోపల పేర్లు పెట్టుకోవడానికి ఒక విభాగం. యూజర్ వేరు, స్కీమా వేరు.

శ్రావణి_బ్యాకెండ్
క్రియేట్ స్కీమా అంటే స్కీమా క్రియేట్ అవ్వదా 😲 ఇది రేపు మీటింగ్‌లో చెప్తే ఎవరూ నమ్మరు.

ఎస్‌క్యూఎల్‌సర్వర్_సుబ్బు
2005 ముందు పనిచేసినవాళ్ళకి ఆ బాధ తెలుస్తుంది. ఎవరైనా ఉద్యోగం మానేస్తే వాళ్ళ యూజర్ తీసేయాలంటే ముందు వాళ్ళ పేరు మీదున్న టేబుల్స్ అన్నీ ఇంకొకరి పేరు మీదకి మార్చాలి. టేబుల్ పేరు ముందు యూజర్ పేరు ఉండేది కదా, కోడ్ కూడా మార్చాలి. అందుకే అందరూ అన్నీ డీబీఓ (డేటాబేస్ ఓనర్ అనే యూజర్) కిందే పెట్టేవాళ్ళు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.

ఇంకోటి. మా దగ్గర లాగిన్ వేరు, యూజర్ వేరు. లాగిన్ సర్వర్‌ది, యూజర్ డేటాబేస్‌ది. బ్యాకప్‌ని ఇంకో సర్వర్‌లో రీస్టోర్ చేస్తే యూజర్లు వస్తారు, లాగిన్‌లు రావు. "యూజర్ ఉన్నాడు కదా, ఎందుకు కనెక్ట్ అవ్వట్లేదు" అని ఫోన్ల మీద ఫోన్లు.

నైట్‌షిఫ్ట్
ఎస్‌క్యూఎల్‌కి స్టాండర్డ్ అని ఒకటుంది కదా. దాని ప్రకారం స్కీమా అంటే ఏంటో తేల్చేస్తే అయిపోతుంది.

సీఎస్_మాస్టారు
స్టాండర్డ్‌లో మూడు మెట్లు: క్యాటలాగ్, అందులో స్కీమా, అందులో టేబుల్. మరి క్యాటలాగ్ అంటే ఏంటి? పోస్ట్‌గ్రెస్ దాన్ని డేటాబేస్ అనుకుంది. మైఎస్‌క్యూఎల్‌కి ఆ మెట్టే లేదు. ఇన్ఫర్మేషన్ స్కీమాలో (డేటాబేస్‌లో ఏమేం ఉన్నాయో చెప్పే జాబితాలు) టేబుల్_క్యాటలాగ్ కాలమ్ చూడండి, ఎప్పుడూ "డెఫ్" అనే మాటే ఉంటుంది. ఆ కాలమ్ స్టాండర్డ్ కోసం ఉంది, వాడకం లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ పైన ఇంకో మెట్టు కలిపి సర్వర్, డేటాబేస్, స్కీమా, ఆబ్జెక్ట్ అని నాలుగు చేసింది. స్టాండర్డ్ పేరు పెట్టింది, ఆ పేరుని ప్రొడక్ట్‌లో దేనికి తగిలించాలో తయారీదారులకి వదిలేసింది.

గోదారి_గట్టు
పేర్ల గురించి ఇంత చర్చ అవసరమా అనిపిస్తుంది నాకు. ఏ ప్రొడక్ట్ వాడితే దాని మాన్యువల్ చదువుకుంటే సరిపోతుంది. తెలివైనవాడికి రెండు రోజుల పని.

మీనాక్షి_టెస్టింగ్
@గోదారి_గట్టు ఒక్కరే కూర్చుని పని చేస్తే మీరన్నది కరెక్టే. శ్రావణి సమస్య అది కాదు. ముగ్గురు ఒకే మాట అంటున్నారు, ముగ్గురి మనసులో మూడు వస్తువులు. మాట తెలియకపోతే మనిషి అడుగుతాడు. తెలుసనుకుంటే అడగడు. ఎస్టిమేట్‌లు, సైన్ ఆఫ్‌లు అన్నీ ఆ మాట మీదే నడిచిపోతాయి, తేడా టెస్టింగ్‌లో మా నెత్తిన పడుతుంది.

నైట్‌షిఫ్ట్
మీనాక్షి గారికి వంద లైకులు. నేను చూసినది చెప్తా. నేను సపోర్ట్ చేసిన ఒక చోట ఆడిట్ ఫారంలో "డేటాబేస్ క్లస్టర్ ఉందా?" అని ఒక గడి. పోస్ట్‌గ్రెస్ చూసే కుర్రాడు "ఉంది" అని రాశాడు. అబద్ధం కాదు. పోస్ట్‌గ్రెస్ మాన్యువల్‌లో ఒక సర్వర్ చూసుకునే డేటాబేస్‌లన్నిటినీ కలిపి డేటాబేస్ క్లస్టర్ అనే అంటారు. ఇనిట్‌డీబీ కొడితే తయారయ్యేది అదే. ఒకే మిషన్, ఒకే డిస్క్ ఉన్నా అది క్లస్టరే. ఫారం అడిగినవాళ్ళు మాత్రం ఒక మిషన్ పోతే ఇంకో మిషన్ ఎత్తుకుంటుందని అర్థం చేసుకున్నారు. ఒక రాత్రి ఆ మిషన్ పోయింది. రెండో మిషన్ ఎక్కడ అని అందరూ అడుగుతున్నారు. రెండో మిషన్ లేదు. అక్కడ ఎవరినీ తప్పు పట్టలేం. ఆ గడిలో "ఎన్ని మిషన్లు? ఒకటి ఆగితే ఏమవుతుంది?" అని రాసి ఉంటే చాలు.

పోస్ట్‌గ్రెస్_పక్షి
క్లస్టర్ మాట ఎత్తారు కాబట్టి. పోస్ట్‌గ్రెస్‌లోనే క్లస్టర్ అని ఒక కమాండ్ కూడా ఉంది. దానికీ పై క్లస్టర్‌కీ ఏ సంబంధం లేదు. టేబుల్‌లో వరుసల్ని ఒక ఇండెక్స్ (తొందరగా వెతకడానికి ఉంచే సూచిక) క్రమంలో డిస్క్ మీద మళ్ళీ పేరుస్తుంది. ఒక్కసారే. తర్వాత వచ్చే వరుసలు ఆ క్రమం పాటించవు. పేర్చినంత సేపూ టేబుల్ పూర్తిగా లాక్, చదవడానికి కూడా ఉండదు. పగటిపూట ప్రొడక్షన్‌లో కొట్టకండి.

ఎస్‌క్యూఎల్‌సర్వర్_సుబ్బు
మా దగ్గర క్లస్టర్డ్ ఇండెక్స్ అంటే టేబుల్ డేటా ఆ ఇండెక్స్‌లోనే ఉంటుంది, క్రమం ఎప్పుడూ అలాగే ఉంటుంది. ప్రైమరీ కీ (వరుసని ఏకైకంగా గుర్తుపట్టే కాలమ్) పెడితే డిఫాల్ట్‌గా అదే క్లస్టర్డ్ ఇండెక్స్ అవుతుంది కాబట్టి ఇంటర్వ్యూల్లో చాలామంది రెండూ ఒకటే అనేస్తారు. ఒకటి కాదు. ప్రైమరీ కీ నాన్‌క్లస్టర్డ్‌గా పెట్టి, తేదీ కాలమ్ మీద క్లస్టర్డ్ ఇండెక్స్ పెట్టుకోవచ్చు.

పాత_డీబీఏ
మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో (టేబుల్స్‌ని డిస్క్ మీద దాచే దాని ఇంజిన్) మాత్రం ఆ సౌకర్యం లేదు, ప్రైమరీ కీ ఉంటే అదే క్లస్టర్డ్ ఇండెక్స్. ఒరాకిల్‌లో ఇదే పనిచేసే దాన్ని ఇండెక్స్ ఆర్గనైజ్డ్ టేబుల్ అంటారు. మరి ఒరాకిల్‌లో క్రియేట్ క్లస్టర్ అంటే? రెండు మూడు టేబుల్స్‌లో ఒకే కీ ఉన్న వరుసల్ని ఒకే బ్లాక్‌లో కలిపి పెట్టడం. ఇక ఆర్‌ఏసీ అని మిషన్ల క్లస్టర్ వేరే. ఒక్క మాట, ఎన్ని ముఖాలో చూడండి.

ఇన్‌స్టాన్స్ కూడా అంతే. ఒరాకిల్‌లో డేటాబేస్ అంటే డిస్క్ మీద ఫైళ్ళు, ఇన్‌స్టాన్స్ అంటే మెమరీ, బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లు. ఆర్‌ఏసీలో ఒకే డేటాబేస్‌కి చాలా ఇన్‌స్టాన్స్‌లు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తిరగేసి, ఒక ఇన్‌స్టాన్స్‌లో చాలా డేటాబేస్‌లు. "మీకు ఎన్ని డేటాబేస్‌లు ఉన్నాయి" అని లైసెన్స్‌ల వాళ్ళు అడిగితే ముందు ఈ సంగతి తేల్చుకోండి.

గేట్_ప్రిపరేషన్
నేను ఇంకా చదువుకుంటున్నా, అన్నలూ అక్కలూ ఒక డౌట్. ఒక పుస్తకంలో కార్డినాలిటీ అంటే వరుసల సంఖ్య అని ఉంది. ఇంకో చాప్టర్‌లో వన్ టు మెనీ అని ఉంది. యూట్యూబ్‌లో "హై కార్డినాలిటీ కాలమ్ మీద ఇండెక్స్ పెట్టండి" అంటున్నారు. ఏది రైట్?

సీఎస్_మాస్టారు
మూడూ రైట్, మూడు చోట్ల. రిలేషనల్ మోడల్‌లో ఒక రిలేషన్ కార్డినాలిటీ అంటే అందులో ఎన్ని టపుల్స్ (వరుసలు) ఉన్నాయో ఆ సంఖ్య. డిగ్రీ అంటే ఎన్ని ఆట్రిబ్యూట్‌లు (కాలమ్‌లు). ఈఆర్ మోడల్‌కి (ఎంటిటీలని, అంటే మనుషులు, వస్తువుల్లాంటివాటిని, వాటి మధ్య బంధాలని బొమ్మగా గీసే పద్ధతి) వచ్చేసరికి కార్డినాలిటీ అంటే ఒక ఎంటిటీ అటువైపు ఎన్నింటితో ముడిపడుతుంది అనేది, వన్ టు వన్, వన్ టు మెనీ. అక్కడ డిగ్రీ అర్థం కూడా మారిపోతుంది, ఒక రిలేషన్‌షిప్‌లో ఎన్ని ఎంటిటీ టైప్‌లు పాల్గొంటున్నాయి అని. ట్యూనింగ్ చేసేవాళ్ళు ఒక కాలమ్‌లో ఎన్ని వేర్వేరు విలువలు ఉన్నాయో దాన్ని కార్డినాలిటీ అంటారు. ఒరాకిల్ ప్లాన్‌లో (క్వెరీని ఏ స్టెప్పుల్లో నడపాలో ఆప్టిమైజర్ వేసే పథకం) కనపడే కార్డినాలిటీ ఇంకోటి, ఆ స్టెప్ నుంచి ఎన్ని వరుసలు వస్తాయో ఆప్టిమైజర్ వేసిన అంచనా. పరీక్షలో ప్రశ్న పైన రిలేషన్ ఇచ్చారా, ఈఆర్ బొమ్మ ఇచ్చారా చూసి రాయి.

సెలెక్ట్ దగ్గర కూడా జాగ్రత్త. రిలేషనల్ ఆల్జీబ్రాలో సెలెక్షన్, సిగ్మా గుర్తు, వరుసల్ని వడకడుతుంది. ఎస్‌క్యూఎల్‌లో ఆ పని వేర్ (WHERE) చేస్తుంది. సెలెక్ట్ తర్వాత మనం రాసే కాలమ్‌ల జాబితా ఆల్జీబ్రాలో ప్రొజెక్షన్, పై (π) గుర్తు. నా క్లాసులో ఏటా సగం మంది ఇక్కడే తడబడతారు, వాళ్ళ తప్పేం లేదు.

గోదారి_గట్టు
మాస్టారూ, రిలేషన్ అన్నారు కాబట్టి అడుగుతున్నా. టేబుల్స్ మధ్య ఫారిన్ కీలతో రిలేషన్స్ ఉంటాయి కాబట్టే రిలేషనల్ డేటాబేస్ అంటారు కదా. మీరు రిలేషన్‌లో టపుల్స్ అంటున్నారేంటి?

సీఎస్_మాస్టారు
ఇది చాలా పాత అపోహ, కంపెనీల ట్రైనింగ్ స్లైడ్‌లలో కూడా ఉంటుంది. రిలేషన్ అంటే ఆ టేబులే. మధ్యలో గీసే గీత కాదు. ఐబీఎమ్ శాన్ హోసే ల్యాబ్‌లో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో రాసిన పేపర్‌లో ఈ మాటని సమితుల గణితం నుంచి తీసుకున్నారు. కొన్ని సమితుల నుంచి ఒక్కో విలువ తీసుకుని కట్టిన వరుసల సమితి రిలేషన్. ఫారిన్ కీ ఒక్కటి కూడా లేకుండా ఒకే ఒక్క టేబుల్ ఉన్నా అది రిలేషనలే. ఎంటిటీల మధ్య బంధాలకి రిలేషన్‌షిప్ అనే మాట పీటర్ చెన్ 1976లో ఈఆర్ మోడల్‌తో బాగా వాడుకలోకి తెచ్చారు. రెండు మాటలూ పక్కపక్కన రావడంతో కలగాపులగం అయ్యాయి.

నిక్కచ్చిగా చూస్తే ఎస్‌క్యూఎల్ టేబుల్ కూడా రిలేషన్ కాదు. సమితిలో ఒకే సభ్యుడు రెండుసార్లు ఉండడు, వాళ్ళకి వరుస క్రమం ఉండదు. ఎస్‌క్యూఎల్ టేబుల్‌లో కీ పెట్టకపోతే అచ్చు ఒకేలాంటి వరుసలు ఎన్నైనా పెట్టొచ్చు. కాడ్ చాలా ఏళ్ళు దీని మీద పోరాడారు. 1985లో ఆయన ప్రకటించిన రూల్స్‌ని అందరూ పన్నెండు రూల్స్ అంటారు, సున్నా నుంచి పన్నెండు వరకు లెక్కపెడితే పదమూడు!

గోదారి_గట్టు
ఇది బాగా చెప్పారు మాస్టారూ. నిజంగానే ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు. అయినా మాన్యువల్ చదవాలి అనే మాట మీద ఉన్నా 🙂

పోస్ట్‌గ్రెస్_పక్షి
@శ్రావణి_బ్యాకెండ్ ఇది మీకు రేపే ఉపయోగపడుతుంది. పోస్ట్‌గ్రెస్ ఎర్రర్‌లలో టేబుల్ అనరు, "రిలేషన్ డజ్ నాట్ ఎగ్జిస్ట్" అంటారు. టేబుల్, వ్యూ, ఇండెక్స్, సీక్వెన్స్ అన్నీ అక్కడ రిలేషన్ కిందే లెక్క. అందుకే ఒకే స్కీమాలో టేబుల్ పేరు ఇండెక్స్‌కి పెడితే "రిలేషన్ ఆల్రెడీ ఎగ్జిస్ట్స్" అంటుంది. ఒరాకిల్ నుంచి వచ్చేవాళ్ళకి ఈ మొదటి ఎర్రర్ ఎక్కువగా ఎందుకు వస్తుందంటే, కొటేషన్ లేకుండా రాసిన పేర్లని ఒరాకిల్ పెద్దక్షరాలకి మారుస్తుంది, పోస్ట్‌గ్రెస్ చిన్నక్షరాలకి మారుస్తుంది. మైగ్రేషన్ టూల్ కొటేషన్‌లలో పెద్దక్షరాలతో టేబుల్స్ చేసిందంటే ఇక ప్రతి క్వెరీలోనూ కొటేషన్ పెట్టాలి. మొదట్లోనే అన్నీ చిన్నక్షరాలకి మార్చుకోండి.

శ్రావణి_బ్యాకెండ్
చాలా థ్యాంక్స్ అందరికీ. ఇవాళ కాల్‌లో స్కీమా అనే మాట పక్కన పెట్టి, "పేరోల్ క్వెరీ హెచ్ఆర్ టేబుల్‌ని జాయిన్ చేయాలి, ఫారిన్ కీ ఉండాలి, నాలుగింటికీ పర్మిషన్‌లు వేరుగా ఉండాలి" అని రాసి చూపించా. అది చూశాక లీడ్ తనంతట తానే నాలుగు డేటాబేస్‌ల మాట వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఒరాకిల్‌లో లాగిన్ అయిన యూజర్ స్కీమా పేరు లేకుండానే తన టేబుల్స్ వాడుకునేవాడు. కోడ్ అంతా అలాగే ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ఏం చేయాలి?

పోస్ట్‌గ్రెస్_పక్షి
స్కీమా పేరుతోనే రోల్ (పోస్ట్‌గ్రెస్‌లో యూజర్‌ని అలా అంటారు) చేయండి. సెర్చ్_పాత్ (స్కీమా పేరు రాయకపోతే ఎక్కడ వెతకాలో చెప్పే సెట్టింగ్) డిఫాల్ట్‌గా ముందు యూజర్ పేరున్న స్కీమా చూసి తర్వాత పబ్లిక్ చూస్తుంది. పేరోల్ అనే రోల్‌తో లాగిన్ అయితే పేరోల్ స్కీమా తనే దొరుకుతుంది. రెండు గమనించండి. రోల్స్ మొత్తం క్లస్టర్‌వి, ఒక డేటాబేస్‌వి కావు (ఇక్కడ క్లస్టర్ అంటే నైట్‌షిఫ్ట్ గారు చెప్పిన ఒకే మిషన్ క్లస్టర్). రెండోది, 2022లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి పబ్లిక్ స్కీమాలో అందరికీ టేబుల్స్ చేసే హక్కు డిఫాల్ట్‌గా లేదు. పాత బ్లాగులు చూసి పబ్లిక్‌లో చేయబోతే పర్మిషన్ డినైడ్ వస్తుంది.

ఓరుగల్లు_కోడ్
కీ గురించి ఎవరూ ఎత్తలేదే. మైఎస్‌క్యూఎల్‌లో కీ అన్నా ఇండెక్స్ అన్నా ఒకటే. థియరీలో కీ అంటే వరుసని ఏకైకంగా గుర్తుపట్టే కాలమ్‌ల గుంపు, ఇండెక్స్ అంటే తొందరగా వెతకడానికి. డిస్క్రైబ్ కొడితే కీ కాలమ్‌లో ఎంయూఎల్ అని వస్తుంది చూడండి, దాన్ని ఫారిన్ కీ అనుకునేవాళ్ళు నాకు బోలెడంత మంది తెలుసు. ఒకే విలువ చాలాసార్లు రావొచ్చు, దాని మీద ఇండెక్స్ ఉంది అని మాత్రమే దాని అర్థం.

పాత_డీబీఏ
అది చిన్న విషయం కాదు. ఇన్నోడీబీలో ఫారిన్ కీ పెడితే ఆ కాలమ్ మీద ఇండెక్స్ లేకపోతే అదే చేసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ చేయవు. మైఎస్‌క్యూఎల్ అలవాటున్న మీ లీడ్ డిజైన్ చేస్తే "కీ పెట్టాం కదా" అనుకుంటారు. తర్వాత హెచ్ఆర్‌లో ఒక ఉద్యోగి వరుస డిలీట్ చేస్తే పేరోల్ టేబుల్ మొత్తం చదువుతూ కూర్చుంటుంది. ఫారిన్ కీలన్నిటికీ ఇండెక్స్‌లు ఉన్నాయో లేవో చెక్ చేసుకోండి.

ఎస్‌క్యూఎల్‌సర్వర్_సుబ్బు
నా దృష్టిలో అన్నిటికంటే దారుణమైన పేరు మా టైమ్‌స్టాంప్. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో టైమ్‌స్టాంప్ డేటాటైప్‌లో టైమే ఉండదు! ఎనిమిది బైట్ల బైనరీ నంబరు, వరుస మారినప్పుడల్లా మారుతుంది. దానికి రోవెర్షన్ అని సరైన పేరు తర్వాత పెట్టారు, కానీ పాత టేబుల్స్‌లో పాత పేరే ఉంది. తేదీ కోసం రిపోర్ట్‌లో ఆ కాలమ్ లాగిన పిల్లలు ఎంత అయోమయంలో పడతారో.

డాలస్_తెలుగోడు
టైమ్ విషయంలో నాకు ఎక్కువ ఇబ్బంది పెట్టింది "టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్". హైదరాబాద్, డాలస్ టీమ్‌లు ఒకే అప్లికేషన్ వాడతాయి. ఒరాకిల్‌లో ఆ టైప్ నిజంగానే జోన్‌ని దాచుకుంటుంది. ఎవరు ఏ జోన్‌లో ఎంటర్ చేశారో తర్వాత కూడా తెలుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో అదే పేరున్న టైప్ జోన్‌ని దాచుకోదు. యూటీసీకి మార్చి పెట్టుకుని, చూసేవాడి సెషన్ జోన్‌లో చూపిస్తుంది. క్షణం కరెక్టే, ఎంటర్ చేసిన చోటు మాత్రం పోతుంది. ఆడిట్ స్కీమా ఉందన్నారు కదా శ్రావణి గారూ, అక్కడ జోన్ అవసరమైతే దానికి వేరే కాలమ్ పెట్టండి.

అలాగే ఒరాకిల్ డేట్‌లో గంటలు, నిమిషాలు, సెకన్లు కూడా ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ డేట్‌లో రోజు మాత్రమే. పేరు కలిసింది కదా అని డేట్‌ని డేట్‌గా మార్చితే టైమ్ అంతా పోతుంది. టైమ్‌స్టాంప్‌గా మార్చాలి.

శ్రావణి_బ్యాకెండ్
డేట్ సంగతి మా మ్యాపింగ్ షీట్‌లో డేట్ అనే ఉంది. ఇప్పుడే మార్పిస్తున్నా 🙏

మీనాక్షి_టెస్టింగ్
ఆ షీట్ తెరిచారు కాబట్టి సైజులు కూడా చూడండి, ముఖ్యంగా తెలుగు డేటా ఉంటే. ఇది నాకు చాలా పట్టింపు ఉన్న విషయం. వార్‌క్యార్2 (ఒరాకిల్‌లో టెక్స్ట్ కాలమ్ టైప్) 30 అంటే ముప్పై అక్షరాలు అని అందరూ అనుకుంటారు. ఒరాకిల్‌లో మీరు క్యార్ అని ప్రత్యేకంగా చెప్పకపోతే, సెట్టింగ్ మార్చకపోతే, అది ముప్పై బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్ (యూనికోడ్‌లో నంబరున్న ఒక్కో గుర్తు) 3 బైట్లు. "వెంకటేశ్వర్లు" రాసి చూడండి. గుణింతాలు, పొల్లులు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కేస్తే 13 కోడ్‌పాయింట్లు, 39 బైట్లు. ముప్పైలో పట్టదు. ఓఆర్ఏ-12899 అని ఎర్రర్. ఇంగ్లిష్‌లో అదే పేరు దర్జాగా పడుతుంది కాబట్టి ఇంగ్లిష్ డేటాతో చేసిన టెస్టింగ్ అంతా పాస్.

పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్‌లో బ్రాకెట్‌లో నంబరు అక్షరాల లెక్కే, అంటే కోడ్‌పాయింట్లు. అక్కడ కూడా "వెంకటేశ్వర్లు"ని మనం అయిదు అక్షరాలుగా చదువుతాం, డేటాబేస్ పదమూడుగా లెక్కేస్తుంది. ఫారంలో "20 అక్షరాలు మించకూడదు" అని పెట్టేవాళ్ళు ఇది ఆలోచించాలి. మన ఊరి పేర్లు, ఇంటిపేర్లు మన లిపిలో పూర్తిగా పట్టాలి, అది కనీస మర్యాద.

ఎస్‌క్యూఎల్‌సర్వర్_సుబ్బు
మా దగ్గర వార్‌క్యార్ నంబరు బైట్లు, ఎన్‌వార్‌క్యార్ నంబరు రెండేసి బైట్ల జతలు. తెలుగు కోసం ఎన్‌వార్‌క్యార్ పెట్టినా స్ట్రింగ్ ముందు ఎన్ అక్షరం మర్చిపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. 2019 వెర్షన్‌లో యూటీఎఫ్-8 కొలేషన్‌లు (టెక్స్ట్‌ని ఎలా దాచాలో, పోల్చాలో చెప్పే సెట్టింగ్‌లు) వచ్చాక వార్‌క్యార్‌లో కూడా పెట్టొచ్చు.

ఓరుగల్లు_కోడ్
మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని పేరున్నది అసలు యూటీఎఫ్-8 కాదని కూడా చెప్పండి. అక్షరానికి గరిష్ఠంగా 3 బైట్లే. తెలుగు సరిగ్గా మూడే కాబట్టి పట్టేస్తుంది, అందుకే మనవాళ్ళకి సమస్య కనపడదు. ఎవరో పేరు పక్కన ఎమోజీ పెట్టగానే ఎర్రర్. ఎమోజీకి 4 బైట్లు కావాలి. యూటీఎఫ్8ఎంబీ4 వాడాలి, అది 5.5.3 నుంచి ఉంది.

పాత_డీబీఏ
పేర్ల దగ్గరే ఇంకొక గుంట ఉంది. ఒరాకిల్‌లో ఖాళీ స్ట్రింగ్ అంటే నల్ (విలువే లేదని గుర్తు). పోస్ట్‌గ్రెస్‌లో ఖాళీ వేరు, నల్ వేరు. ఒరాకిల్‌లో రెండు నిలువు గీతలతో (||) పేర్లు కలిపితే మధ్యలో నల్ వచ్చినా మిగతావి వస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కటి నల్ అయినా మొత్తం నల్. మన వాళ్ళలో చాలామందికి మిడిల్ నేమ్ ఉండదు. ఇంటిపేరు, మిడిల్ నేమ్, పేరు కలిపే క్వెరీ అలాగే ఎత్తుకొస్తే పేరోల్ స్లిప్పుల మీద సగం మందికి పేరే రాదు. కన్‌క్యాట్_డబ్ల్యూఎస్ వాడండి, నల్‌లని వదిలేస్తుంది.

నైట్‌షిఫ్ట్
మైఎస్‌క్యూఎల్‌లో అవే రెండు గీతలు డిఫాల్ట్‌గా "లేదా" అనే అర్థం. పేర్లు కలపబోతే సున్నా వస్తుంది 😂

పోస్ట్‌గ్రెస్_పక్షి
పేరోల్ కాబట్టి ఒకటి తప్పకుండా చెప్పాలి. ఐసోలేషన్ లెవెల్ పేర్లు, అంటే ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్‌లని ఒకదాని నుంచి ఒకటి ఎంత విడిగా ఉంచాలో చెప్పే సెట్టింగ్‌లు. మీ ఒరాకిల్ కోడ్‌లో ఎక్కడైనా సీరియలైజబుల్ (ట్రాన్సాక్షన్‌లు ఒకదాని తర్వాత ఒకటి నడిచినట్టే ఫలితం ఉండాలి) అని ఉందా చూడండి. ఒరాకిల్ ఆ పేరుతో ఇచ్చేది స్నాప్‌షాట్ ఐసోలేషన్, అంటే ట్రాన్సాక్షన్‌కి మొదట్లో ఉన్న డేటానే చివరి వరకు కనపడుతుంది. రెండు ట్రాన్సాక్షన్‌లు ఒకే స్నాప్‌షాట్ చూసి, వేర్వేరు వరుసలు మార్చితే రెండూ కమిట్ (మార్పు ఖాయం) అయిపోతాయి. ఉదాహరణకి డ్యూటీలో కనీసం ఒకరు ఉండాలి అని రూల్. ఇద్దరున్నారు. ఇద్దరి సెలవులూ ఒకేసారి అప్రూవ్ చేస్తే, ఒక్కో ట్రాన్సాక్షన్‌కి రెండోవాడు ఇంకా డ్యూటీలో ఉన్నట్టే కనపడుతుంది. చివరికి డ్యూటీలో ఎవరూ ఉండరు. దీన్నే రైట్ స్క్యూ అంటారు. ఈ లోపాలన్నిటినీ 1995లో వచ్చిన ఒక పేపర్ ఎత్తి చూపింది. పోస్ట్‌గ్రెస్‌లో కూడా 9.1కి ముందు ఇదే పరిస్థితి. 2011లో 9.1 నుంచి నిజమైన సీరియలైజబుల్ ఇస్తోంది. ఒరాకిల్ సీరియలైజబుల్‌కి దగ్గరగా ఉండేది పోస్ట్‌గ్రెస్ రిపీటబుల్ రీడ్.

ఓరుగల్లు_కోడ్
మరి సీరియలైజబుల్ పెట్టేస్తే ఇంకా మంచిదే కదా, ఎందుకు భయపెడతారు?

పోస్ట్‌గ్రెస్_పక్షి
మంచిదే, ట్రాన్సాక్షన్ ఫెయిలైతే మళ్ళీ మొదటి నుంచి నడిపే కోడ్ ఉంటే. ఒరాకిల్‌లో కమిట్ అయిపోయిన రైట్ స్క్యూ జంటల్లో ఒకటి ఇక్కడ ఎర్రర్‌తో వెనక్కి వస్తుంది. రీట్రై లేకపోతే యూజర్‌కి ఎర్రర్ స్క్రీన్.

గేట్_ప్రిపరేషన్
చివరి డౌట్, ప్లీజ్. మాక్ టెస్ట్‌లో "ట్రంకేట్‌ని రోల్‌బ్యాక్ చేయవచ్చా" అని ఇచ్చారు, అంటే టేబుల్ మొత్తం ఖాళీ చేసే కమాండ్‌ని రద్దు చేసి వెనక్కి తేవచ్చా అని. జవాబుల కీలో "చేయలేం, అది డీడీఎల్" (టేబుల్స్ నిర్మాణం మీద పనిచేసే కమాండ్) అని ఉంది. మా ఫ్రెండ్ పోస్ట్‌గ్రెస్‌లో చేసి చూపించాడు, రోల్‌బ్యాక్ అయింది. ఏం రాయాలి?

పాత_డీబీఏ
ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్‌లో చేయలేవు, ట్రంకేట్ కొట్టగానే తనంతట తనే కమిట్ అవుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్‌లో ట్రాన్సాక్షన్ లోపల ఉంటే చేయొచ్చు. డీడీఎల్ కాబట్టి రోల్‌బ్యాక్ అవదు అనే కారణమే తప్పు. పోస్ట్‌గ్రెస్‌లో క్రియేట్ టేబుల్ కూడా రోల్‌బ్యాక్ అవుతుంది.

సీఎస్_మాస్టారు
ప్రశ్నలో ఒరాకిల్ అని ఉంటే "చేయలేం" రాయి. ఏ ప్రొడక్టూ చెప్పకుండా అడిగితే ఆ ప్రశ్నకి ఒకే జవాబు లేదు. మాక్ టెస్ట్ వాళ్ళకి పోస్ట్‌గ్రెస్ మాన్యువల్‌లో ట్రంకేట్ పేజీ పంపించు, కమిట్ కాకపోతే ట్రంకేట్ వెనక్కి పోతుందని అందులోనే ఉంది. అసలు పరీక్షలో ఇలాంటిది వస్తే కీ విడుదలయ్యాక అభ్యంతరాలకి ఇచ్చే గడువులో అదే పేజీ జతచేసి పెట్టు.

గేట్_ప్రిపరేషన్
పంపించేశా మాస్టారూ. మా ఫ్రెండ్ చేసిన స్క్రీన్‌షాట్ కూడా పెట్టా.